దోమకొండ గడీ, మెదకు చర్చి



పంచాంగ శ్రవణం అయిన తరువాత ఎవరైనా పండితులు నాలుగు మాటలు చెప్పడం మన సంఘంలో ఆనవాయితీ. ఈ ఏడు కార్యదర్శిగారు ఆ పని ఒక రైలు గుమాస్తాకు అప్పగించారు. మేము మెట్రిక్ దాటి చదివినవారము కాము. వ్యాగన్ల నెంబర్లూ, సిమెంటు బస్తాల లెక్కలూ రాసుకొని బ్రతికేవారము. చరిత్ర పరిశోధన మాకు చేతకాదు. అయితే గత జనవరిలో మూడు సెలవులు కలిసి వచ్చినప్పుడు మనలో అయిదు కుటుంబాలవారము ఒక క్రూజర్ బండీ, ఒక కారూ మాట్లాడుకొని దోమకొండ, మెదకు చూసి వచ్చాము. అక్కడ చూసినది, విన్నది మీకు మనవి చేయమన్నారు. కనుక ఇందులో ‘మేము’ అన్నచోటల్లా ఆ పందొమ్మిది మందిమీ అని గ్రహించ ప్రార్థన. మన కార్యవర్గం ముందు ఇప్పుడు ఒక ప్రశ్న వుంది. ఆ ప్రశ్నకూ ఈ యాత్రకూ సంబంధం వున్నదని మాకు తోచింది. దానిని చివర మనవి చేస్తాము.

రైల్వేవారై వుండి రోడ్డుమీద పోవడమేమిటని బయలుదేరే ముందే చాలామంది నవ్వారు. సిమెంటుకు మన ఊళ్లోనే రైలు దొరుకుతుంది, మనుషులకు మాత్రం బల్లార్షా దాకా పోతేగాని దొరకదు. అదీగాక రైలు స్టేషనులోనే ఆగుతుంది. గడీ కనబడినచోట, గుడి కనబడినచోట, పిల్లవాడు కడుపునొప్పి అన్నచోట ఆగేది బండి ఒక్కటే. ముసలివాళ్లూ చంటిపిల్లలూ వున్న యాత్రకు రోడ్డే మేలు.

శనివారం తెల్లవారుజామున నాలుగు గంటలకు ఉప్పర్వాహి విడిచాము. సంక్రాంతికి చేసిన సకినాలు ఒక డబ్బాడు మిగిలివున్నాయి. పులిహోర, జొన్నరొట్టెలు, వెల్లుల్లి కారం కట్టుకున్నాము. కోర్పనా దాటి బేల, జైనథ్ మీదుగా ఆదిలాబాదు చేరేసరికి పొద్దు పొడిచింది. బేల దగ్గర దుకాణాలమీది రాత మరాఠీనుండి తెలుగుకు మారుతుంది. పెద్దవాళ్లము అది చూసి సంతోషపడ్డాము. పిల్లలు మాత్రం అప్పటిదాకా బోర్డులన్నీ గట్టిగా చదువుతూ వచ్చినవారు, అక్కడినుండి ఊరకున్నారు. ఆ సంగతి అప్పుడు మేమెవ్వరమూ పట్టించుకోలేదు.

ఆ సరిహద్దు గురించి ఒక మాట చెప్పాలి. మన ఊరు వున్న రాజూరా ప్రాంతం 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో, ఆదిలాబాదు జిల్లాలోనిదే. ఆ సంవత్సరం నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు ఇది బొంబాయి రాష్ట్రంలో కలిసింది. 1960 మే 1న మహారాష్ట్ర ఏర్పడింది. ఆదిలాబాదు ఆంధ్రప్రదేశ్‌లో చేరి, 2014 జూన్ 2 నుండి తెలంగాణలో వున్నది. కాబట్టి మనలో అందరూ వలస వచ్చినవారు కారు. కొందరి తాతలు కూర్చున్నచోటు కదలకుండానే పొరుగు రాష్ట్రంవారైనారు. మిగిలినవారము గనులకు, కాగితపు మిల్లుకు, సిమెంటుకు, రైలుకు వచ్చినవారము. కాజీపేట, బల్లార్షాల మధ్య లైను 1929లో పూర్తయి మద్రాసుకూ ఢిల్లీకీ నేరుగా దారి ఏర్పడిన తరువాత ఈ రాకపోకలు పెరిగినవి.

ఆదిలాబాదు నుండి 44వ నెంబరు జాతీయ రహదారి. ఇది లోగడ 7వ నెంబరు. నిర్మలకు ముందు ఘాట్లు దిగి, సోన్ దగ్గర గోదావరి దాటాము. ఆడవాళ్లు బండి ఆపించి పసుపు కుంకుమలు నీళ్లలో వదిలారు. ఆర్మూరు దాటిన తరువాత డిచ్‌పల్లి వస్తుంది. గుట్టమీద చక్కని శిల్పమున్న రామాలయం అక్కడ వున్నది. ఆ ఊరికే మరొక పేరు కూడా వున్నది. ఇసబెల్ కెర్ అనే స్కాట్లండు దేశపు డాక్టరమ్మ, ఆమె భర్త జార్జి కెర్ కలిసి 1915లో అక్కడ కుష్ఠురోగులకు ఆసుపత్రి నెలకొల్పారు. వారు క్రైస్తవ మిషనువారు. నిజామాబాదుకు చెందిన నర్సాగౌడు అనే హిందూ దాత వారికి అండగా నిలిచి విరాళమిచ్చాడు. ఊరి బయట చెట్లకింద బ్రతుకు వెళ్లదీసేవారికి ఒక పైకప్పు, ఒక మందు, ఒక మంచము అమర్చడానికి ఇద్దరి మతాలూ అడ్డు రాలేదు. పొద్దెక్కుతున్నదని మేము అక్కడ ఆగలేదు. బండి పోతూండగా ఈ సంగతి పిల్లలకు చెప్పాము.

మధ్యాహ్నం కామారెడ్డిలో భోజనాలు కానిచ్చి దోమకొండ చేరాము.

కోస్తానుండి వచ్చిన కుటుంబాలకు గడీ అన్న మాట కొత్త కావచ్చును. తెలంగాణలో గడీ అంటే దేశముఖులు, సంస్థానాధీశులు నివసించిన కోటవంటి ఇల్లు. చుట్టూ ఎత్తయిన గోడ, ఏనుగు పట్టేంత దర్వాజా, లోపల చావడి, ధాన్యపు గదులు, మేడ. ఇంగ్లండు పల్లెల్లో ప్రభువులకు పెద్ద పెద్ద భవంతులు వుంటాయని చదువుతూ వుంటాము. మన పల్లెల్లో వాటికి సమానమైనవి ఈ గడీలే. అవి అందమైనవే. కాని ఆ అందం వెనుక వెట్టి చాకిరి వున్నది. చాకలి, మంగలి, కుమ్మరి, వడ్రంగి, మాల, మాదిగ అందరూ కూలి లేకుండా గడీకి పని చేయవలసిన రోజులవి. 1946 జూలై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు నేలకొరిగిన తరువాత ఆ మంట తెలంగాణమంతటా పాకింది. సాయుధ పోరాటం 1951 దాకా నడిచింది. 1949లో జాగీర్దారీ రద్దయింది. తరువాత గడీలు దిక్కులేనివైనవి. కొన్ని కూలినవి. కొన్నింటిలో బడులు, కచేరీలు పెట్టారు. కొన్నింటి దూలాలూ ద్వారబంధాలూ ఎవరికి దొరికినవి వారు పట్టుకుపోయారు.

మాతో ఒక అవ్వ వచ్చింది. డెబ్బై అయిదేళ్లు దాటినది, కరీంనగరు వైపు పల్లెలో పుట్టినది. దోమకొండ కోట దర్వాజా ముందు బండి దిగిన తరువాత అందరము లోపలికి నడిచాము గాని, ఆమె మాత్రం గుమ్మం ఇవతలే నిలబడిపోయింది. ఏమి అవ్వా, కాళ్లు నొప్పులా అని అడిగితే, కాదన్నది.

“మా ఊళ్లె గడీ ముందటికెల్లి పోవాల్నంటే మా నాయిన చెప్పులు చేతుల వట్టుకొని పోయేటోడట బిడ్డా. మా అమ్మ నాకు ఎన్ని తీర్ల చెప్పిందో. గడీ అంటె నాకు గదే యాదికొస్తది. మీరు పోయి సూసి రాండ్రి,” అన్నది.

మేము ఏమీ అనలేకపోయాము. మాలో ఒక కుటుంబానికి ఆ గడీ చూడముచ్చటైన మేడ. ఆమెకు అది తండ్రి చేతిలోని చెప్పులు. ఆ రెండూ నిజమే. కొంతసేపటికి మనుమరాలు వచ్చి చేయి పట్టుకున్నది. అవ్వ ఒకసారి కాళ్లవైపు చూసుకొని, చెప్పులు వేసుకొనే, నడుము నిటారుగా పెట్టి దర్వాజా దాటింది. లోపలికి పోయిన తరువాత “ఇగ సూపియ్యుండ్రి, ఏమేమున్నదో,” అన్నది.

దోమకొండ కోట కామినేని వంశంవారి సంస్థానం. ఈ కట్టడంలో ఎక్కువ భాగం 18వ శతాబ్దపుదని చెబుతారు. స్థలం దాదాపు 40 ఎకరాలు. చుట్టూ గోడ, బురుజులు, కందకం. కోట గోడల నడుమనే కాకతీయుల శైలిలో కట్టిన మహదేవుని ఆలయం వున్నది. అంటే కోటకన్న గుడి చాలా ముందుదన్నమాట. మేడల స్తంభాలమీద, కమానులమీద గచ్చుతో తీర్చిన లతలు, పువ్వులు చూసి మా ఆడవాళ్లు ముగ్గులు వేసుకొనేందుకు కాగితాలమీద గీసుకున్నారు. సినిమా నటుడు రామ్‌చరణ్ భార్య ఉపాసనగారి పుట్టినింటివారి కోట ఇదేనని తెలిసిన తరువాత మా పిల్లలకు ఉత్సాహం రెట్టింపైంది. ఉత్సాహం ఏ దారిన వచ్చినా మంచిదే.

ఈ కోట కూడా మిగతావాటి దారినే శిథిలమైపోవలసినది. ఐ.ఏ.ఎస్. అధికారిగా పనిచేసిన కామినేని ఉమాపతిరావుగారు, వారి కుటుంబంవారు ఒక ట్రస్టు పెట్టి దీనిని బాగుచేయ పూనుకున్నారు. పరిరక్షణ పని అనురాధా నాయక్ అనే వాస్తుశిల్పి చేతిమీదుగా నడిచింది. 2022లో ఐక్యరాజ్యసమితికి చెందిన యునెస్కో సంస్థ ఆసియా పసిఫిక్ ప్రాంతపు వారసత్వ పరిరక్షణ బహుమతులలో దోమకొండ కోటకు యోగ్యతా పురస్కారం ప్రకటించింది. రైల్వే సోదరులు గర్వపడవలసిన సంగతి ఒకటున్నది. అదే ఏడు, అదే తరగతి పురస్కారం మన బొంబాయి బైకుల్లా రైలు స్టేషనుకు కూడా వచ్చింది.

ఇక్కడ సిమెంటు ఊరివారికి ప్రత్యేకంగా చెప్పవలసిన మాట వున్నది. మనము రాత్రింబవళ్లు సిమెంటు తయారుచేసి దేశమంతటికీ పంపే ఊరివారము. గోడకు పగులు వస్తే సిమెంటు పూయాలన్నదే మన చదువు. పాత కట్టడాలకు ఆ పని చేయరాదట. పాత గోడలు రాయితో, ఇటుకతో, డంగు సున్నంతో కట్టినవి. ఆ సున్నం ఊపిరి పీల్చుకుంటుంది. వానాకాలంలో గోడ తాగిన తేమ ఎండాకాలంలో సున్నంలోనుండి బయటికి పోతుంది. దానిపైన సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. తేమ లోపలే నిలిచి, ఉప్పు పేరుకొని, పూత ఊడి, వెనుకనున్న రాయి కూడా పాడవుతుంది. అందుకే ఇటువంటి కట్టడాలను బాగుచేసేవారు సున్నమే వాడతారు.

చిత్రమేమంటే సున్నానికీ సిమెంటుకూ తల్లి ఒక్కటే. మన గనులలోని సున్నపురాయిని దాదాపు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే సున్నమవుతుంది. దానినే మట్టితో కలిపి 1450 డిగ్రీల దాకా కాలిస్తే సిమెంటు క్లింకరు అవుతుంది. సిమెంటు గట్టిదే, కాని కదలదు, వంగదు. సున్నం మెత్తనిది, మెల్లగా బిగుస్తుంది, గోడతోపాటు సర్దుకుంటుంది. మాలో ఒకాయన సిమెంటు ఫ్యాక్టరీలో బట్టీ దగ్గర పని చేస్తారు. ఆయన ఆ గోడను చేతితో తడిమి చూస్తూ చాలాసేపు నిలబడిపోయారు. “మనము చేసేది నూరేళ్లుంటే గొప్ప, ఇది మనల్ని వద్దంటున్నది చూడండి,” అని నవ్వారు.

రాత్రి కామారెడ్డిలో మకాం. ఆదివారం ఉదయం రామాయంపేట మీదుగా మెదకు చేరాము. మెదకు పట్టణానికి రైలు చాలా ఆలస్యంగా వచ్చింది. అక్కన్నపేట నుండి మెదకుకు వేసిన లైను మీద 2022 సెప్టెంబరులోగాని ప్రయాణికుల రైలు నడవలేదు. అంతకు సరిగ్గా నూరేళ్లకు ముందు, ఆ మహా కట్టడం లేస్తున్న రోజుల్లో ఆ ఊరికి రైలు లేదు.

మెదకు చర్చి పొలాల మీదుగా దూరంనుండే కనబడుతుంది. గంట గోపురం ఎత్తు 175 అడుగులు. లోపలి మందిరం 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు. ఒకేసారి 5,000 మంది కూర్చొని ప్రార్థన చేసుకోవచ్చునంటారు. తెల్లని రాయి, కోసుగా లేచిన కమానులు, పైన మొనదేలిన శిఖరాలు. ఇంగ్లండులోని పాత చర్చీలను చిత్రాలలో చూసినవారికి అదే పోలిక తోస్తుంది. నేలమీద రంగురంగుల పలకలు పరచివున్నవి. అవి విదేశంనుండి తెప్పించినవి.

దీనిని కట్టించినది ఛార్లెస్ వాకర్ పాస్నెట్ అనే వెస్లియన్ మిషను పాదిరీగారు. ఆయన 1895లో సికింద్రాబాదుకు వచ్చి, కొంతకాలం తిరుమలగిరిలో ఇంగ్లీషు సిపాయిల నడుమ పని చేసి, తరువాత మెదకు పల్లెలకు చేరాడు. అప్పుడు అక్కడ ప్రార్థనలు జరిగేది ఒక పెంకుటింట్లో. 1914లో ఈ చర్చి పని మొదలైంది. ఆ ఏడే మొదటి ప్రపంచ యుద్ధం కూడా మొదలైంది. పంటలు పోయి, ధరలు పెరిగి, పల్లెలు ఆకలితో అల్లాడుతున్న కాలం. ఊరికే అన్నం పెట్టడంకన్న పని చూపించి అన్నం పెట్టడం మేలని ఆయన తలచాడు. చుట్టుపక్కల పల్లెలవారు రాళ్లు మోశారు, సున్నం కలిపారు, వారి కుటుంబాలు ఆకలి తీర్చుకొన్నవి. పదేళ్లు పట్టింది. 1924 డిసెంబరు 25న, క్రిస్మసునాడు, ప్రతిష్ఠ జరిగింది. 2024 డిసెంబరుకు నూరేళ్లు నిండినవి. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఇది ఆ సంఘంలోని మెదకు అధ్యక్ష మండలానికి ప్రధాన దేవాలయమైంది.

మేము పోయేసరికి ఆరాధన జరుగుతున్నది. లోపలికి పోవచ్చునో లేదోనని వాకిట నిలబడితే, ఒక పెద్దాయన వచ్చి, చెప్పులు విడిచి వెనుక వరుసలో కూర్చోండి అని చోటు చూపించాడు. పాటలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలోనివి. కట్టడం చూస్తే సీమదేశం, రాగం వింటే మన భజన మందిరం. చీరచెంగు తలమీదుగా కప్పుకొన్న ఆడవాళ్లు, నేలమీద ఆడుకొంటున్న చంటిపిల్లలు, గొంతెత్తి పాడుతున్న ముసలివాళ్లు. మా అవ్వకు ఆ రాగం నచ్చి, మాట తెలియకపోయినా తల ఊపుతూ కూర్చున్నది.

ఆరాధన ముగిసిన తరువాత అద్దాల కిటికీలు చూశాము. రంగు అద్దాల ముక్కలను సీసపు పట్టీలతో కూర్చి బొమ్మలుగా చేసిన కిటికీలు అవి. మూడున్నవి. క్రీస్తు ఆరోహణం 1927లో, జననం 1947లో, సిలువ 1958లో అమర్చారు. లండనులోని ఫ్రాంక్ సాలిస్‌బరీ అనే చిత్రకారుడు గీసిన రూపాలవి. వాటికి దీపమక్కరలేదు. బయట సూర్యుడున్నంతసేపే లోపలివారికి ఆ బొమ్మ కనబడుతుంది. పొద్దుగూకితే అది నల్లని కిటికీయే. అందువల్ల చూడబోయేవారు పగటిపూటే పోవాలని మనవి.

మాకు చోటు చూపించిన పెద్దాయనే తరువాత అన్నీ తిప్పి చూపించాడు. తన తాత ఈ కట్టడానికి రాళ్లు మోసినవాడని చెప్పాడు. ఏ రాళ్లో తెలుసునా అని మా పిల్లవాడొకడు అడిగాడు. ఆయన నవ్వి, “ఏవైతేనేం నాయనా, అన్నీ మావే,” అన్నాడు.

ఆ మాట వింటూ మేము ముందునాటి దర్వాజా దగ్గర అవ్వను తలచుకున్నాము. గడీకి రాళ్లు మోసినవారిలో ఎందరి మనుమలు అటువంటి మాట అనగలరు? అక్కడ పనికి కూలి లేదు, పని అయిన తరువాత లోపలికి దారి లేదు. ఇక్కడ పనికి అన్నం దొరికింది, పని అయిన తరువాత అదే గుమ్మంలోనుండి లోపలికి పోయి కూర్చున్నారు. అందుకే ఒక కట్టడం పాడుపడి, ఎవరో పూనుకొని సున్నం పూస్తేగాని నిలవలేదు. రెండవది ప్రతి ఆదివారమూ జనంతో నిండుతూ నూరేళ్లుగా నిలిచింది. గడీని బాగుచేసినవారిది గొప్ప పనే, మా నమస్కారము. కాని సున్నంకన్న గట్టి మరమ్మతు ఒకటున్నది. అది వారం వారం వచ్చే మనిషి పాదం.

ఇది మతాన్నిబట్టి వచ్చే తేడా కాదు. పాస్నెట్‌గారి స్వదేశంలోనే దీనికి సాక్ష్యమున్నది. ఇంగ్లండులో 20వ శతాబ్దంలో వందలకొద్దీ పెద్ద పల్లె భవంతులను పడగొట్టారు. పన్నులు పెరిగి, నౌకర్లు దొరకక, యజమానులు వాటిని నడపలేకపోయారు. పోయేవి పోగా మిగిలినవాటిలో చాలావాటిని నేషనల్ ట్రస్టు అనే సంస్థ చేరదీసింది. ఆ సంస్థ పుట్టినది 1895లో, పాస్నెట్‌గారు మన దేశానికి వచ్చిన ఏడే. అక్కడి చర్చీలకు కూడా జనం రావడం తగ్గి ఎన్నో మూతబడినవి. ఆ పాత చర్చీలను కాపాడడానికి 1969లో ప్రత్యేకంగా ఒక నిధి ఏర్పాటు చేయవలసి వచ్చింది. రాయి అదే, పనితనం అదే, దేవుడూ ఆ దేవుడే. వచ్చేవారు రాకపోతే గంట మోగదు.

ఇప్పుడు మొదట చెప్పిన ప్రశ్నకు వస్తాము.

చర్చి వాకిట ఒక పలకమీద తెలుగులో ఏదో రాసివుంది. ఆరవ తరగతి చదివే మా పిల్లవాడు అదేమిటని పెద్దాయనను అడిగాడు. ఆయన ఆశ్చర్యపడి, “తెలుగు బాగానే మాట్లాడుతున్నావు గదయ్యా, చదవరాదా?” అన్నాడు.

“మా బళ్లో మరాఠీ, హిందీ, ఇంగ్లీషు వుంటాయి తాతా. తెలుగు వుండదు.”

“మరి ఆదివారం ఏం చేస్తావు?”

పిల్లవాడు జవాబు చెప్పలేదు. మా పెద్దవాళ్లమూ చెప్పలేదు. ఆయన ఎత్తిపొడవడానికి అన్నది కాదు. తమ ఊళ్లలో బడి మొహం చూడని ఆడవాళ్లు ఎందరో ఆదివారంపూట చర్చిలోనే, కీర్తనల పుస్తకం ముందు పెట్టుకొని అక్షరాలు నేర్చుకున్నారని, అందుకని అడిగానని చెప్పాడు. మా బండిలోని పిల్లలు బేల దాటిన తరువాత ఎందుకు ఊరకున్నారో అప్పుడు మాకు బోధపడింది.

మన సంఘానికీ ఒక ఆదివారం తరగతి వున్నది. నాలుగేళ్ల క్రిందట ఇరవై మందికి పైగా పిల్లలతో మొదలైంది. ఇప్పుడు ఏడుగురో ఎనమండుగురో వస్తున్నారు. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఆ తరగతి ఎత్తివేసి, ఆ గదిలో పండుగ సామాను పెట్టుకుందామని ఒక సూచన వున్నది. సూచన చేసినవారిమీద మాకు గౌరవమున్నది. ఏడుగురి కోసం గది అద్దె ఎందుకన్నది లెక్క ప్రకారం సరి అయిన ప్రశ్నే. మేమూ లెక్కలు రాసేవారమే.

అయినా మా మనవి ఏమంటే, ఆ తరగతి ఎత్తివేయవద్దు. సామాను గది అయిన తరువాత అది మళ్లీ తరగతి గది కాదు. గడీ దూలాలు కూలడానికి ముందు అక్కడ దీపం పెట్టేవారు లేకపోయారు. తరువాతే చెదలు వచ్చింది. తరువాతే వాన వచ్చింది.

దీనికి పెద్ద ఖర్చు అక్కరలేదు. మూడు పనులు చాలునని మాకు తోచింది. మొదటిది, ప్రతి ఇంటినుండి ఒక్క బిడ్డనైనా పంపాలి. మరాఠీ, హిందీ నేర్చిన పిల్లలకు అక్షరాల పొందిక ముందే తెలుసు, క, ఖ, గ అన్న వరస మనకూ వారికీ ఒక్కటే. గీత ఆకారం మారుతుంది, అంతే. ఆరు నెలలలో చదవడం వస్తుంది. రెండవది, పాఠం చెప్పడానికి ఒక్క పంతులమ్మమీదనే భారం వేయక, వంతులవారీగా అందరమూ కూర్చోవాలి. అవ్వవంటివారు అక్షరం చెప్పలేకపోయినా కథ చెప్పగలరు. ఆదివారం డ్యూటీ లేని వారాల్లో మేము వస్తాము. మూడవది, ఏటా ఒకసారి పిల్లలను ఒక పాత కట్టడానికి తీసుకుపోదాము. దూరం పోనక్కరలేదు. గడ్‌చాందూరుకు అవతల మాణిక్‌గఢ్ కోట వున్నది, చంద్రపురంలో గోండు రాజుల కోటగోడలూ సమాధులూ వున్నవి. ఈ నేల గోండులది, మరాఠీవారిది, మనది కూడా. పొరుగువారి కట్టడం గౌరవంగా చూడడం నేర్చినవాడే తనదాన్ని నిలుపుకుంటాడు. చూసివచ్చిన పిల్లలు తెలుగులో ఒక్కొక్క పేజీ రాస్తే వచ్చే ఉగాది సంచికలో అచ్చు వేయవచ్చును.

అవ్వ సంగతి ఒకటి మిగిలింది. తిరుగు ప్రయాణంలో ఆమె మనుమరాలిని, ఆ గోడమీద రాసిందేమిటే అని అడిగింది. అవ్వకూ చదువు రాదు, మనుమరాలికీ తెలుగు చదవ రాదు. అవ్వకు చదువు చెప్పేవారు లేకపోయారు. ఆమె తండ్రి కాలంలో అది ఆయన చేతిలో లేదు. ఈ పిల్ల విషయం మన చేతిలోనిది. ఆ పిల్ల పోయిన నెలనుండి మన తరగతికి వస్తున్నది. ఇప్పటికి గుణింతాలలో వున్నది.

వచ్చే సంవత్సరం ఈ సంచిక చేతికి వచ్చినప్పుడు ఆమె అవ్వకు చదివి వినిపించగలదని మా నమ్మకము. అందుకు మీరందరూ వచ్చే సమావేశంలో తరగతి నిలపడానికి చేయి ఎత్తవలసిందిగా ప్రార్థిస్తున్నాము.